కీబోర్డు మీద ఎవరి భాష?

భాషా సమస్యను గురించి మన విమర్శకులు రాసినంతగా మరే సమస్యను గురించీ రాయలేదేమో. గ్రాంథికం, వ్యావహారికం అన్నారు. ప్రమాణభాష, మాండలికం అన్నారు. బోధనాభాష అన్నారు, పాలనాభాష అన్నారు. కాని ఇవాళ రాతంతా ఏ పనిముట్టు మీద జరుగుతున్నదో ఆ పనిముట్టును గురించిన విమర్శ మాత్రం దాదాపు లేదు. అది మెకానిక్కుల వ్యవహారమనీ, సాహిత్య విమర్శకు దానితో పనిలేదనీ అనుకుంటున్నట్టుంది. మగ్గం వంక చూడకుండా నేతగాడి బతుకును గురించి రాసేవాణ్ణి మనం ఒప్పుకోం. అక్షరం విషయంలో మాత్రం మగ్గాన్ని ఎందుకు చూడం?

కీబోర్డు మీద మీట నొక్కగానే అక్షరం యంత్రంలోకి పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. ఫలానా వరసలో ఫలానా మీటను నొక్కారన్న కబురు మాత్రమే పోతుంది. ఆ కబురుకు ఏ అక్షరమని అర్థం చెప్పాలో లోపల వొక పట్టిక నిర్ణయిస్తుంది. దాన్నే లేఅవుటు అంటున్నారు. పట్టిక సూచించిన అక్షరానికి వొక సంఖ్య వుంటుంది. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఇట్లాంటి సంఖ్యలు కేటాయించే ఏర్పాటు పేరు యూనికోడ్. ఆ సంఖ్యను చూచి తెర మీద బొమ్మ గీసేది ఫాంటు. సంఖ్య, పట్టిక, ఫాంటు - ఈ మూడూ మూడు వేరువేరు చేతుల్లో వుంటాయి. ఏ వొక్కటి లేకపోయినా ఆ భాషలో రాత సాగదు. మీట మీద ఇంగ్లీషు 'కె' అచ్చువేసి వుండటం వట్టి అలవాటు. పట్టిక మారిస్తే అదే మీట 'క' అవుతుంది, మరో పట్టికలో మరొకటవుతుంది. అంచేత కీబోర్డు ప్రకృతిసిద్ధమైనది కాదు. ఎవరో కూర్చుని, ఎవరినో దృష్టిలో పెట్టుకుని చేసిన పంపకం అది. పంపకం అన్న తర్వాత ఎవరికి మాగాణి వచ్చింది, ఎవరికి చెలక వచ్చింది అని అడగక తప్పదు.

మొదటి పంపకం మన కోసం జరిగింది కాదు. అమెరికాలో క్రిస్టఫర్ షోల్స్ తయారుచేసిన యంత్రాన్ని 1873-74లో రెమింగ్టన్ కంపెనీ బజారులో పెట్టింది. అది ఇరవైయారు అక్షరాల భాషకు కట్టిన చట్రం. గుణింతాలూ వొత్తులూ వున్న తెలుగును ఆ చట్రంలోకి దించటానికి అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు వొకచోట, గుడి వొకచోట, వొత్తు మరొకచోట. టైపు చేసేవాడు భాషను రాయడు, బొమ్మను అతుకుతాడు. ఆంధ్రప్రదేశ్‌లో 1966లో అధికార భాషా చట్టం వచ్చింది, 1974లో అధికార భాషా సంఘం ఏర్పడింది. అయినా కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయిన తరానికి తెలుసు, గిరాకీ ఇంగ్లీషు లోయరుకూ హయ్యరుకూ గాని తెలుగు మిషనుకు కాదు. ఉద్యోగం ఎక్కడుంటే వేలు అక్కడికి పోతుంది. దీనికి పిల్లల్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు.

రెండో పంపకం మనవాళ్ళే చేశారు. కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఇన్‌స్క్రిప్ట్ అనే లేఅవుటును తయారుచేయించి, 1988లో సవరించింది. 1991లో అది భారత ప్రమాణంలో చేరింది. దాని వెనక వున్న ఆలోచన నిజంగా మంచిది. బ్రాహ్మి నుంచి పుట్టిన మన లిపులన్నిటికీ వర్ణమాల దాదాపు వొకటే కాబట్టి, వొకే ధ్వనికి అన్ని భాషల్లోనూ వొకే మీట ఇచ్చారు. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. 'క' ఎక్కడుందో తెలుగులో నేర్చిన వేలు అదే చోట మరాఠీ 'క'ను నొక్కగలదు. తెలుగు, మరాఠీ, గోండీ, కొలామీ, లంబాడీ, ఉర్దూ అన్నీ వొకే సంతలో వినబడే ఆదిలాబాద్ లాంటి చోట ఈ సూత్రం విలువ ఢిల్లీలో కన్నా ఎక్కువ తెలుస్తుంది. (ఉర్దూ లిపి ఆ కుటుంబానికి చెందింది కాదు కనుక దాని కథ వేరు.)

అయితే ఈ సమానత్వంలో వొక మెలిక వుంది. నమూనాగా తీసుకున్నది దేవనాగరి. హిందీకి హ్రస్వ ఎ, ఒ లు లేవు. తెలుగుకు అవి లేనిదే పూట గడవదు. ఎవరు, ఎక్కడ, ఎందుకు, ఎంత, ఒకడు, కొడుకు, నెల, చెమట - మన ప్రశ్నల్లో చాలా భాగం ఎ తోనే మొదలవుతాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో దీర్ఘాలైన ఏత్వం, ఓత్వం హోం కీస్‌లో, అంటే వేళ్ళు విశ్రాంతిగా వుండే నడిమి వరసలో, హాయిగా కూర్చున్నాయి. ఎత్వాన్ని తీసుకుపోయి అడుగు వరస చివర ఇంగ్లీషు జెడ్ మీటలో పెట్టారు. ఒత్వాన్ని అంకెల వరసలో వొకటికి ఎడమవైపున వుండే మూల మీటకు నెట్టారు. రెండూ ఎడమ చిటికెన వేలి పాలివే. అచ్చు 'ఎ' రాయాలంటే కుడి చిటికెన వేలితో షిఫ్టు అదిమిపట్టి ఎడమ చిటికెన వేలితో జెడ్ నొక్కాలి. తెలుగువాడు 'ఎందుకు' అని అడగాలంటే రెండు చేతుల్లోని బలహీనమైన వేళ్ళు రెండూ వంగాలన్నమాట! దీన్ని కుట్ర అనటం హాస్యాస్పదం. అసలు సంగతి కుట్ర కన్నా మామూలుది. పంపకం చేసేటప్పుడు ఎదురుగా కూర్చున్నవాడి అవసరం ముందు కనబడింది, తక్కినవాళ్ళకు మిగిలిన చోటు సర్దారు.

ప్రభుత్వపు లేఅవుటు ఇట్లా వుండగా బజారులో మరొకటి జరిగింది. డీటీపీ వచ్చాక తెలుగు అచ్చుపని చాలావరకు అను ఫాంట్ల మీదా, అట్లాంటివే మరికొన్నిటి మీదా నడిచింది. వాటిలో తెలుగు అక్షరానికి తెలుగు సంఖ్య లేదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన ఇళ్ళలో తెలుగు ముక్కల్ని కాపురం పెట్టారు. ఆ ఫాంటు వున్న యంత్రంలో అది కథ, లేని యంత్రంలో అర్థంలేని గుర్తుల కుప్ప. ఈ పద్ధతిలో కూర్చిన పుస్తకంలో వొక మాటను వెతకటం కుదరదు, రచయిత చేతికి మిగిలేది బొమ్మ లాంటి పేజీ. ఉత్తర తెలంగాణ కథ, కవిత, ఉద్యమ కరపత్రం దశాబ్దాల పాటు ఇట్లా తాళం వేసిన పెట్టెల్లోకి పోయాయి. తాళం తీసే మార్పిడి సాధనాలు ఇప్పుడున్నాయి గాని, తీసిన తర్వాత వొత్తులు సరిచూసే ఓపిక ఎవరికుంది?

ఇక్కడ మన మేధావులు చేసే పొరపాటు వొకటి చెప్పాలి. "ఆపరేటర్లు పాత పద్ధతి వదలరు, అందుకే యూనికోడ్ రావటం లేదు" అని వాళ్ళు విసుక్కుంటారు. జిల్లా కేంద్రంలోని డీటీపీ షాపులో ఆపరేటరుకు పేజీకింత అని కూలి. ఏళ్ళ తరబడి అలవాటయిన లేఅవుటే అతని పనితనం, అతని పెట్టుబడి. కొత్త లేఅవుటు నేర్చుకునే నెలల్లో అతని పేజీలు సగానికి పడిపోతాయి. ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారో చెప్పకుండా అతనికి నీతి బోధించటం అన్యాయం. పాత మీటల అలవాటును అట్లాగే వుంచి లోపలి సంఖ్యను మాత్రం యూనికోడ్ చెయ్యటం సాంకేతికంగా కష్టం కాదు. పైన చెప్పినట్టు మీట వేరు, సంఖ్య వేరు.

మూడో దారి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు. 1990లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ఆర్టీఎస్ అనే పద్ధతి ప్రవాసాంధ్రుల్లో ప్రచారమయింది. త కు చిన్న టి, ట కు పెద్ద టి, అట్లా. 2006లో వచ్చిన లేఖిని ఆ దారినే వెబ్బులో తెలుగు రాయటాన్ని అందరికీ సుళువు చేసింది. దాని మేలు కాదనలేం. అది లేకపోతే ఎంతోమంది తెలుగులో రాసేవాళ్ళే కాదు. కాని సౌకర్యాన్ని ప్రమాణంగా పెట్టుకుంటే వచ్చే ఫలితం వేరు. సర్కారు బడిలో తెలుగు మీడియం పిల్ల 'అమ్మ' అని రాయటానికి ముందు నాలుగు ఇంగ్లీషు అక్షరాలు గుర్తుచేసుకోవాలి. తన భాషలోకి పోవటానికి పరాయి గడప దాటిపోవాలి. ఫోనులో దీనికి తోడు నిఘంటువు వొకటి పక్కన కూర్చుని మాటలు అందిస్తుంటుంది. 'పోయిండు' అని మొదలుపెడితే 'పోయాడు' చెయ్యి చాస్తుంది. మాండలికాన్ని గురించి మనం యాభై ఏళ్ళు వాదించి గెలిచామనుకున్న వాదాన్ని ఈ పక్కవాటు సలహా రోజూ మళ్ళీ మొదటికి తెస్తున్నది. తెలంగాణ పలుకుబడిలో రోజూ వినబడే దంత్య చ, జ లకు - ౘ, ౙ లకు - యూనికోడ్‌లో ఇళ్ళు దొరికింది 2008లో మాత్రమే. తెలుగు లిపికి అందులో 1991 నుంచీ చోటున్నది.

ఇంతవరకు చెప్పింది అంతో ఇంతో అధికారం వున్న భాష సంగతి. దాని కష్టాలే ఇట్లా వుంటే ఉట్నూరు, జైనూరు, నార్నూరు వైపు పోయి చూస్తే ఏమవుతుంది? 2011 జనాభా లెక్కల్లో గోండీ మాతృభాష అని చెప్పినవారు దేశం మొత్తం మీద సుమారు 29.8 లక్షలు. డోగ్రీ, మణిపురీ, బోడో భాషలు మాట్లాడేవారి కన్నా ఎక్కువ. ఆ మూడూ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో వున్నాయి. పాతిక వేల మంది కూడా మాతృభాష అని చెప్పని సంస్కృతం వుంది. గోండీ లేదు. ప్రభుత్వపు కీబోర్డు ప్రమాణం ఆ ఇరవైరెండు భాషల జాబితాను పట్టుకుని నడుస్తుంది కనుక షెడ్యూలులో లేని భాష అక్కడా లేదు.

గోండు పిల్లవాడికి లిపిని ఇచ్చిన చరిత్ర గమనించదగింది. 1940లో జోడెఘాట్‌లో కుమ్రం భీము చనిపోయాక నిజాము ప్రభుత్వానికి కాస్త మెలకువ వచ్చింది. హైమన్‌డార్ఫ్ సలహా మీద 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలయింది. గోండీ వాచకాలు దేవనాగరిలో వేశారు, ఆ ప్రాంతంలో అప్పుడు చెల్లుబడి మరాఠీది గనుక. తర్వాత రాష్ట్రాలు మారాయి, పటం మారింది. 2004 తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాతృభాషా బోధన పథకం కింద ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చింది. గోండీ, కొలామీ వాటిలో వున్నాయి. లిపి తెలుగు. మధ్యప్రదేశ్‌లో మున్షీ మంగళ్‌సింగ్ మసారాం 1918లో కల్పించిన లిపి మరొకటుంది. అంటే వొకే భాషకు తాత వొక లిపిలో, మనవడు వొక లిపిలో, సరిహద్దవతలి మేనమామ మరో లిపిలో. తాతకు దేవనాగరి, మనవడికి తెలుగు - రెండుసార్లూ నిర్ణయం పైనున్న ఆఫీసులో జరిగింది.

అందుకే గుంజాల వార్త అంత కదిలించింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండుల ఇళ్ళలో సుమారు డజను రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. జయధీర్ తిరుమలరావు, హైదరాబాదు విశ్వవిద్యాలయం పరిశోధకులు వాటి మీద పనిచేశారు. వాటి లిపి దేవనాగరి కాదు, తెలుగు కాదు, మసారాం లిపీ కాదు. ఊళ్ళో దాన్ని చదవగలిగిన ముసలివాళ్ళు కొందరు మిగిలివున్నారు. అంశుమాన్ పాండే ప్రతిపాదన మీద 2018 జూన్‌లో యూనికోడ్ పదకొండో కూర్పులో గుంజాల గోండీకి చోటు దొరికింది. మొత్తం 63 గుర్తులు: పది అచ్చులు, ముప్పై హల్లులు, గుణింతపు గుర్తులు, అంకెలు. హల్లుల వరస క ఖ గ ఘ కాదు. య, వ, బ, భ, మ అని మొదలవుతుంది. ఆ సొంత వరసను చెడగొట్టకుండా అట్లాగే నిలపటం మెచ్చుకోవలసిన పని. పెద్ద భాషల నమూనాలోకి లాగెయ్యటమే మామూలు.

మన పత్రికలు దీన్ని పండగ చేశాయి. 'లిపికి గుర్తింపు' అన్నారు, 'వారసత్వ సంపద' అన్నారు. సంఖ్య దొరకటం పట్టా కాగితం చేతికి రావటం లాంటిది. ఆదిలాబాద్‌లో పట్టా కాగితం చేతబట్టుకుని భూమి ఎక్కడుందో చూపేవాడి కోసం తిరిగిన మనుషులు ఎంతమంది లేరు! సంఖ్య పక్కన పట్టిక కావాలి, ఫాంటు కావాలి. ఫాంటుకు కొదవ లేదు, గూగుల్ కంపెనీవారి నోటో వరసలో గుంజాల గోండీ వుంది. పట్టిక తయారుచెయ్యటం కూడా ఏమంత బ్రహ్మవిద్య కాదు. కష్టమంతా ఆ పట్టిక ఎవరి యంత్రంలో, ఎవరి అనుమతితో, ఎవరి పని కోసం కూర్చుంటుందన్న దగ్గర వస్తుంది. బడిలో ప్రశ్నపత్రం, గ్రామసభ తీర్మానం, అంగన్‌వాడీ రిజిస్టరు - వీటిలో ఏ వొక్కటీ గోండీలో రాయనక్కరలేనప్పుడు కీబోర్డు వుండీ ఏం లాభం? అది గోడ మీద బొమ్మలాగా వుంటుంది. పండగ రోజు దుమ్ము దులుపుతారు.

మరొక సంగతి. యూనికోడ్‌లో మొదటి 65,536 ఇళ్ళను వొక పేటగా కట్టారు. తెలుగుకు ఆ పేటలోనే 128 ఇళ్ళున్నాయి. గుంజాల గోండీకి దొరికింది దాని అవతలి పేటలో. ఆ అవతలి సంఖ్యల్ని పాత సాఫ్ట్‌వేర్లు సరిగా మోయలేకపోయేవి. ఊరవతల గూడెం అన్నమాట గుర్తుకు రాకమానదు. కాని నవ్వు బొమ్మలూ ఏడుపు బొమ్మలూ కూడా చాలావరకు ఆ పేటలోనే వున్నాయి. ఫోన్లు కొనేవాళ్ళకు ఆ బొమ్మలు కావలసివచ్చాయి గనుక కంపెనీలు అక్కడిదాకా బాట వేశాయి. గోండీ ఆ బాట మీద నడుస్తున్నది. బజారు ఎప్పుడు ఎవరికి మేలు చేస్తుందో బజారుకే తెలియదు!

ఇప్పుడు అసలు తగవు. వొక పక్షం వారంటారు: లిపి అస్తిత్వం, గోండు పిల్లలకు గుంజాల లిపి తప్ప మరొకటి నేర్పటం ద్రోహం. రెండో పక్షం వారంటారు: తెలుగు లిపిలో రాస్తే చాలు, పిల్లవాడికి రేపు ఉద్యోగమూ అందులోనే, కొత్త లిపి నెత్తిన బరువు. మొదటివారు రాతప్రతిని చూస్తున్నారు, రెండోవారు నోటిఫికేషన్‌ను చూస్తున్నారు. ఇద్దరూ యంత్రాన్ని చూడటంలేదు. చూస్తే తగవులో సగం తేలికపడుతుంది. ఈ లిపులన్నీ అక్షరపు కట్టడిలో వొకే తీరువి. రాత సంఖ్యల రూపంలో వుంటే తెలుగు లిపిలో వున్న గోండీ కథను గుంజాలలోకి, దేవనాగరిలోకి యంత్రమే మార్చగలదు. టీచరు తనకు చేతనయిన లిపిలో టైపు చెయ్యవచ్చు, పిల్లవాడు తనకు నచ్చిన లిపిలో చదవవచ్చు. ఉట్నూరు టీచరు రాసిన కథను చంద్రపూర్ పిల్ల చదవవచ్చు. గుంజాలకు కూడా ఇన్‌స్క్రిప్ట్ సూత్రాన్నే వాడితే, బడిలో తెలుగు కీబోర్డు నేర్చిన గోండు పిల్లకు మీటలు కొత్తగా నేర్చే పని వుండదు. లిపి సొంత వరస య, వ, బ, భ వాచకంలో వుంటుంది. వేళ్ళకు ఆ వరసతో పనిలేదు. ఈ విషయంలో నాకు అనుమానం లేదు.

అనుమానమున్న చోటు మరొకటి. గోండీ కూడా ద్రావిడ భాషే. వ్యాకరణకర్తలు దానికి ఐదు హ్రస్వాచ్చులు, ఐదు దీర్ఘాచ్చులు చెబుతున్నారు. గుంజాల రాతప్రతుల్లో మాత్రం ఎ-ఏ లకు వొకటే గుర్తు, ఒ-ఓ లకు వొకటే గుర్తు. తెలుగు లిపి నుంచి గుంజాలలోకి మార్చినప్పుడు ఆ తేడా చెరిగిపోతుంది. తిరిగి మార్చినప్పుడు యంత్రానికి అది ఏదో తెలియదు. ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగును చిటికెన వేలికి తోసిన ఎ, ఒ లే ఇక్కడ అసలు లేకుండాపోయాయి. యూనికోడ్ పట్టికలో ఏ కు ముందూ ఓ కు ముందూ, వాటి గుణింతపు గుర్తుల దగ్గరా, నాలుగు ఇళ్ళు ఖాళీగా వదిలారు. ఎప్పుడైనా అవసరమైతే నింపవచ్చునని.

ఆ నాలుగు ఇళ్ళు నింపాలా, వద్దా? పాత రాతకు కొత్త గుర్తులు చేర్చటం అపచారమని కొందరంటారు. లిపిని గాజు పెట్టెలో పెట్టదలచుకున్నవారికి అది నిజమే. దానితో ఉత్తరం రాయదలచినవారి అవసరం వేరు. గురజాడ, గిడుగు తెలుగుకు చేసింది కూడా పాతదాన్ని అట్లాగే కాపాడటం కాదు గదా. అయితే ఈ తీర్పు నాది కాదు, హైదరాబాదు ఆచార్యులది కాదు, అమెరికాలో సమావేశమయ్యే యూనికోడ్ సంఘానిది అంతకన్నా కాదు. ప్రతిపాదన రాయవలసింది ఇంగ్లీషులో, పంపవలసింది వాళ్ళకే. నిర్ణయం మాత్రం గోండీలో పాఠం చెబుతున్న టీచర్లు, ఆ రాత చదవగలిగిన గుంజాల పెద్దలు, గోండుల కథలు వంశపారంపర్యంగా పాడే పర్ధాన్లు కూర్చుని చెయ్యాలి. ప్రతిపాదన రాసిపెట్టే చదువు మన విద్యార్థులకుంది. కరీంనగర్ కాలేజీల్లో కంప్యూటరు చదివే పిల్లలు పరీక్ష కోసం చేసి పారేసే ప్రాజెక్టుల్లో వొక్క గోండీ లేఅవుటు, వొక్క కొలామీ లేఅవుటు వుండకూడదా? 2011 లెక్కల్లో కొలామీ మాట్లాడేవారు సుమారు లక్షా ఇరవై ఎనిమిది వేలు. వారికి సొంత లిపి తగవు కూడా లేదు. తెలుగు లిపి పట్టికలో వాళ్ళ ధ్వనులకు రెండు మూడు మీటలు సర్దితే పని జరుగుతుంది.

చివరగా, "ఇంక కీబోర్డులెందుకు, మాట్లాడితే యంత్రమే రాస్తుంది గదా" అనే వారున్నారు. తెలుగు విషయంలో కొంతవరకు నిజమే, రాస్తున్నది. దానికి ముందు లక్షల పేజీల తెలుగు రాత, గంటల కొద్దీ తెలుగు గొంతు దానికి మేపారు. గోండీలో మేపటానికి రాత ఏదీ? ముందు ఎవరో టైపు చెయ్యాలి. ఆ టైపు చేసేవాళ్ళకు కావలసింది మళ్ళీ కీబోర్డే, ఎ నొక్కితే ఎ పడే కీబోర్డు.